75 గ్రామాలు, 75 నెట్‌వర్క్‌లు: వీటిని గుంపులుగా విడదీసే పద్ధతి ఏది?

కొత్తవిద్యార్థి:

సభ్యులందరికీ నమస్కారం. నేను అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, గణాంకశాస్త్రంలో నా పునాది పీజీ స్థాయిని దాటలేదు. దక్షిణ కర్ణాటకలోని 75 గ్రామాల్లో బెనర్జీ, చంద్రశేఖర్, డఫ్లో, జాక్సన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు సేకరించిన సమాచారంతో పని చేస్తున్నాను. దాని ఆధారంగా వారు రాసిన వ్యాసం 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది, సమాచారం మొత్తం అందరికీ అందుబాటులో ఉంది. ఎవరు ఎవరింటికి వెళతారు, ఎవరి దగ్గర డబ్బు చేబదులు తీసుకుంటారు, కిరోసిన్, బియ్యం అవసరమైతే ఎవరిని అడుగుతారు, గుడికి ఎవరితో కలిసి వెళతారు వంటి 12 రకాల సంబంధాలు అందులో నమోదయ్యాయి. ఒక్కో గ్రామాన్ని ఒక్కో నెట్‌వర్క్‌గా, కుటుంబాన్ని నోడ్‌గా, రెండు కుటుంబాల మధ్య సంబంధాన్ని లంకెగా తీసుకున్నాను.

ఒక గ్రామంలోని కుటుంబాలను వర్గాలుగా విడదీయడం నా ఉద్దేశం కాదు. 75 గ్రామాలను 75 వస్తువులుగా చూసి, ఏ ఏ గ్రామాల సామాజిక అల్లిక ఒకే తీరులో ఉందో తేల్చాలన్నది నా ప్రశ్న. అందుకోసం ప్రతి గ్రామానికీ లాప్లాసియన్ మాత్రిక (కర్ణం మీద ఒక్కో నోడ్ లంకెల సంఖ్య, లంకె ఉన్న జతల గడుల్లో ఋణ 1, మిగతా చోట్ల 0) కట్టి, దాని లాక్షణిక మూలాలను, అంటే ఐగెన్ విలువలను, పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాను. గ్రామాల పరిమాణాలు వేరు కాబట్టి చిన్న గ్రామాల జాబితాలకు చివర సున్నాలు చేర్చి పొడవులు సమానం చేశాను. ఆ జాబితాల మధ్య యూక్లిడ్ దూరాలు లెక్కించి డెండ్రోగ్రామ్, అంటే దగ్గరి గ్రామాలను కలుపుతూ పోయే చెట్టు బొమ్మ, గీస్తే మూడు గుంపులు చక్కగా విడిపోయాయి. ఆ సంతోషం ఒక్క రోజే నిలిచింది. కుటుంబాల సంఖ్యను పక్కన పెట్టి చూస్తే ఆ మూడు గుంపులూ చిన్న గ్రామాలు, మధ్యస్థ గ్రామాలు, పెద్ద గ్రామాలుగా తేలాయి. ఇంత లెక్కా చేసి జనాభా లెక్కల్లో ఉన్నదే మళ్లీ కనుక్కున్నట్లయింది. దయచేసి దారి చూపగలరు.

లెక్కలపంతులు:

మీకు ఎదురైనది ఈ విషయంలో అడుగుపెట్టిన వారిలో చాలామందికి ఎదురయ్యేదే. పద్ధతుల పేర్లు వినే ముందు ఒక భేదం స్పష్టం చేసుకోవాలి. నెట్‌వర్క్‌ల సముదాయాలు రెండు జాతులు. మొదటి జాతిలో అన్ని నెట్‌వర్క్‌లలోనూ నోడ్‌లు ఒకటే. మెదడు స్కానింగ్‌ల నుంచి కట్టే నెట్‌వర్క్‌లు దీనికి మంచి ఉదాహరణ. బాగా వాడుకలో ఉన్న ఒక పటం మెదడును 116 భాగాలుగా విభజిస్తుంది, ఏ మనిషి మెదడు తీసుకున్నా 37వ భాగం 37వ భాగమే. అప్పుడు ఒక్కో మనిషి నెట్‌వర్క్ 6,670 జతలకు ఉంది, లేదు అనే జవాబుల పట్టిక అవుతుంది, రెండు పట్టికలను గడి గడికీ పోల్చవచ్చు. ఈ జాతికి నమూనా ఆధారిత పద్ధతులు కూడా బాగా ఎదిగాయి. ఉదాహరణకు 2022లో యంగ్, కర్క్‌లీ, న్యూమన్ ప్రతిపాదించిన దానిలో ప్రతి గుంపుకూ ఒక మూల నెట్‌వర్క్ ఉంటుంది, మనం చూసే ప్రతి నెట్‌వర్క్‌నూ దానికి కొన్ని లంకెలు జారిపోయిన, కొన్ని లేనివి వచ్చి చేరిన నకలుగా భావిస్తారు.

మీది రెండవ జాతి. ఒక గ్రామంలోని 37వ కుటుంబానికీ మరో గ్రామంలోని 37వ కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు. పది కుటుంబాల పల్లెనే తీసుకున్నా వాటికి అంకెలు వేసే విధాలు 36,28,800 ఉంటాయి, వాటిలో ఏదైనా ఒకటే. కాబట్టి మనం వాడే కొలత అంకెలు మార్చి వేసినా మారకూడదు. లాక్షణిక మూలాలకు ఆ గుణం ఉంది, మీరు ఎంచుకున్న దారి అంతవరకు సరైనదే.

పొరపాటు సున్నాల దగ్గర జరిగింది. లాప్లాసియన్ మూలాలలో సున్నా ఎన్నిసార్లు వస్తుందో నెట్‌వర్క్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలు అన్ని ఉన్నట్లు. ఏ లంకే లేని ఒంటరి నోడ్‌ను కలిపితే జాబితాలో సరిగ్గా ఒక సున్నా పెరుగుతుంది. అంటే 100 కుటుంబాల గ్రామం జాబితాకు మీరు 200 సున్నాలు చేర్చినప్పుడు, ఎవరితోనూ మాట్లాడని 200 కుటుంబాలను ఆ ఊరికి తెచ్చి కాపురం పెట్టించారు. ఇక చిన్న గ్రామాలన్నీ ఒక గుంపులో పడడంలో ఆశ్చర్యమేముంది?

మూసీ:

పరిమాణాలు వేరైన నెట్‌వర్క్‌ల కోసమే ఉద్దేశించిన ఒక సులభమైన పద్ధతి ఉంది. 2017లో ముఖర్జీ, సర్కార్, లిన్ అనే ముగ్గురు రాసిన వ్యాసంలో నోడ్‌లు ఒకటే అయిన సందర్భానికి ఒక పద్ధతిని, కాని సందర్భానికి మరో పద్ధతిని ఇచ్చారు. మీకు కావలసినది రెండవది. సంబంధాల మాత్రికను (లంకె ఉన్న గడిలో 1, లేని గడిలో 0) నోడ్‌ల సంఖ్యతో భాగించి, దాని రెండవ ఘాతం, మూడవ ఘాతం ఇలా కొన్నింటిని తీసుకొని, ప్రతిదాని జాడకు, అంటే కర్ణం మీది మూలకాల మొత్తానికి, సంవర్గమానం కడతారు. ఈ సంఖ్యలకు స్పష్టమైన అర్థం ఉంది. భాగించక ముందు చూస్తే, రెండవ ఘాతపు జాడ లంకెల సంఖ్యకు రెట్టింపు, మూడవ ఘాతపు జాడ త్రిభుజాల సంఖ్యకు ఆరు రెట్లు, ఆ పై ఘాతాలు మరింత పొడవైన మూసివున్న నడకలను లెక్కిస్తాయి. ఇలా ప్రతి గ్రామమూ నాలుగైదు సంఖ్యల చిన్న సదిశగా మారుతుంది. ఆ తర్వాత దగ్గరి సదిశలను మనం చెప్పినన్ని గుంపులుగా చేసే మామూలు కె-మీన్స్ వాడుకోవచ్చు. ఏ ఇంటిని ఏ ఇంటితో జత చేయాలన్న సమస్యే రాదు, లెక్క కూడా త్వరగా పూర్తవుతుంది.

లెక్కలపంతులు:

మూసీ గారు చెప్పినది మంచి పద్ధతే, కానీ దాని వెనక ఒక ఊహ దాగి ఉంది, అది ఈ గ్రామాల విషయంలో నిలవదని నా అభిప్రాయం. నోడ్‌ల సంఖ్యతో భాగించడం అంటే, ఊరు పెద్దదైన కొద్దీ ఒక్కో కుటుంబానికి ఉండే సంబంధాలు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయని అనుకోవడం. మనుషుల సంగతి అలా ఉండదు. ఊరు మూడింతలైనంత మాత్రాన ఎవరూ మూడింతల ఇళ్లకు వెళ్లి చేబదులు అడగరు.

చిన్న లెక్క చూడండి. భాగించిన మాత్రిక రెండవ ఘాతపు జాడ, సగటు డిగ్రీని, అంటే ఒక్కో నోడ్‌కు సగటున ఉండే లంకెల సంఖ్యను, నోడ్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చే విలువకు సమానం. రెండు ఊళ్లలోనూ సగటున కుటుంబానికి 10 సంబంధాలే ఉన్నాయనుకుందాం. 100 కుటుంబాల ఊళ్లో ఆ విలువ 0.1 అవుతుంది, 300 కుటుంబాల ఊళ్లో 0.033 అవుతుంది. అల్లిక ఒకటే అయినా రెండూ దూరంగా పడతాయి. కొత్తవిద్యార్థి గారు ముందు గుమ్మం నుంచి పంపించిన పరిమాణం పెరటి గుమ్మం నుంచి తిరిగి వచ్చేసింది.

మూలాల మీద ఆధారపడే ఏ కొలతకైనా మరో పరిమితి ఉంది. ఒక కేంద్రానికి నాలుగు నోడ్‌లు తగిలించిన నక్షత్రాన్ని, నాలుగు నోడ్‌ల వలయంతో పాటు ఒక ఒంటరి నోడ్‌ను పక్కపక్కన గీయండి. చూడడానికి వాటికి పోలికే లేదు. సంబంధాల మాత్రిక మూలాలు మాత్రం రెండింటికీ 2, 0, 0, 0, ఋణ 2. కాబట్టి ఏ ఘాతపు జాడ తీసుకున్నా ఆ రెండూ ఒకటే అవుతాయి. లాప్లాసియన్ వాటిని విడదీస్తుంది: నక్షత్రానికి 5, 1, 1, 1, 0, రెండవదానికి 4, 2, 2, 0, 0. వందల నోడ్‌లున్న నిజమైన గ్రామాలలో ఇంత కచ్చితమైన ఏకీభావం ఎదురవుతుందని నేను అనను, కానీ మనం ఎంచుకున్న కొలత దేనిని చూడలేదో తెలిసి ఉండడం మంచిది.

మూసీ:

పంతులు గారి అభ్యంతరం న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. అలాగైతే డిగ్రీలతో సవరించిన లాప్లాసియన్‌ను వాడమంటాను. నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా దాని మూలాలు 0 నుంచి 2 లోపే ఉంటాయి. సున్నాలు చేర్చే బదులు ప్రతి గ్రామం మూలాలనూ ఒక విభాజనంగా, అంటే ఏ విలువలు ఎంత వంతున వస్తున్నాయో చూపే కుప్పగా చూసి, రెండు విభాజనాల మధ్య వాసర్‌స్టీన్ దూరం కట్టవచ్చు. ఒక కుప్పలోని మట్టిని రెండవ కుప్ప ఆకారంలోకి మార్చాలంటే మోయవలసిన కనీస శ్రమను ఆ దూరం కొలుస్తుంది, రెండు జాబితాల పొడవులు సమానంగా ఉండవలసిన పని లేదు. 75 గ్రామాలకు 2,775 జతలే కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

గోదారిగట్టు:

నేను వ్యవసాయ గణాంకాల వాడిని, నెట్‌వర్క్‌ల గురించి తెలిసింది తక్కువ. అయినా ఈ చర్చ చదువుతుంటే మా పాత పని గుర్తుకు వస్తోంది. వరి, వేరుశనగ రకాల వైవిధ్యం మీద మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో వచ్చే సిద్ధాంత వ్యాసాలు తిరగేస్తే డీ-స్క్వేర్ విశ్లేషణ, టోచర్ పద్ధతి (దగ్గరివాటిని ఒక్కొక్కటిగా చేర్చి గుంపులు కట్టేది) గుంపులు తరచుగా కనిపిస్తాయి. మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన దూరమే ఆ డీ-స్క్వేర్. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి. ఆర్. రావు గారు 1952లో టోచర్ పద్ధతిని వివరించారు. అంతకు ముందు 1949లో మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి సంయుక్త పరగణాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ప్రజల శరీర కొలతలను విశ్లేషించినప్పుడు వారు చేసిన పని కూడా ఏ జనసమూహం దేనికి దగ్గర అని తేల్చడమే. ముక్కు పొడవూ తల వెడల్పూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ ముడిని లెక్కలోంచి తీసివేసే దూరం వారికి కావలసి వచ్చింది.

అదే దారిలో, ప్రతి గ్రామానికీ సగటు డిగ్రీ, డిగ్రీల విస్తృతి, మిత్రుని మిత్రుడు మనకూ మిత్రుడయ్యే నిష్పత్తి, అతి పెద్ద ముక్కలో ఉన్న కుటుంబాల వంతు వంటి ఏడెనిమిది లక్షణాలు కొలిచి డీ-స్క్వేర్ కడితే సరిపోదా? గ్రామాలకు వెళ్లి చెప్పినా అర్థమయ్యే లక్షణాలివి. మూలాల విభాజనం గురించి సర్పంచ్ గారికి చెప్పలేం కదా.

లెక్కలపంతులు:

గోదారిగట్టు గారి సూచనకు నేను సగం సుముఖుడిని. లక్షణాలు అర్థవంతమైనవి కావడం నిజంగా పెద్ద మేలు. కానీ వరి రకాల విషయంలో ఒక్కో రకాన్ని రెండు మూడు మళ్లలో వేసి కొలుస్తారు, ఆ పునరావృత్తుల నుంచే గుంపు లోపలి విస్తృతి వస్తుంది, డీ-స్క్వేర్ నిలబడేది దాని మీదే. ఇక్కడ ఒక గ్రామానికి ఒకే నెట్‌వర్క్ ఉంది. అదే ఊరిని మరోసారి విత్తలేం. గ్రామంలోని కుటుంబాలలో కొంత భాగాన్ని మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచుకొని, ప్రతిసారీ ఆ లక్షణాలను కొలిచి, అవి ఎంత ఊగుతున్నాయో చూడడం ఒక మార్గం. అయితే నోడ్‌లను తీసివేస్తే త్రిభుజాలూ, ముక్కల పరిమాణాలూ వేర్వేరు వేగాలతో తగ్గుతాయి కాబట్టి అది కూడా జాగ్రత్తగా చేయవలసిన పనే.

విశాఖతీరం:

ఇంతవరకు అందరూ దూరాల గురించే మాట్లాడారు. ఎవరి దూరం వారు ఎంచుకోవడం, ఆ దూరం దేనిని పట్టించుకుంటుందో తర్వాత తవ్వి తెలుసుకోవడం నాకు తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. నెట్‌వర్క్ ఎలా పుట్టిందో ముందు ఒక సంభావ్యతా నమూనాగా రాసుకుంటే, దేనిని సమానంగా భావిస్తున్నామో, దేనిని వదులుతున్నామో కాగితం మీదే కనిపిస్తుంది.

1983లో హాలండ్, లాస్కీ, లైన్‌హార్ట్ ప్రవేశపెట్టిన స్టోకాస్టిక్ బ్లాక్ మోడల్‌తో మొదలుపెట్టండి. ఊళ్లోని కుటుంబాలు కంటికి కనిపించని కొన్ని బ్లాక్‌లలో ఉంటాయి, రెండు కుటుంబాల మధ్య లంకె ఏర్పడే సంభావ్యత వాటి బ్లాక్‌ల మీదే ఆధారపడుతుంది. ఒక ఊళ్లో రెండు బ్లాక్‌లు దేనికది బిగువుగా ఉండి, మధ్యలో పలచగా ఉండవచ్చు. మరో ఊళ్లో నలుగురైదుగురు పెద్దల బ్లాక్ అందరితో కలిసి, మిగతావారు తమలో తాము అంతగా కలవకపోవచ్చు. ఈ రెండు ఊళ్లలో సగటు డిగ్రీ ఒకటే అయినా అల్లికలు వేరని ఎవరైనా ఒప్పుకుంటారు. సముదాయానికి వచ్చేసరికి, ఒకే గుంపులోని గ్రామాలన్నిటికీ ఒకే బ్లాక్ నమూనా ఉందని, గుంపులు మారితే నమూనా మారుతుందని అనుకుంటాం. రెబాఫ్కా 2024లో ప్రచురించిన పద్ధతి ప్రతి నెట్‌వర్క్‌నూ వేరే గుంపుగా మొదలుపెట్టి, ప్రమాణం మెరుగుపడినంత కాలం రెండేసి గుంపులను కలుపుతూ పోతుంది, ఇక మెరుగుపడదనగానే ఆగిపోతుంది. ఎన్ని గుంపులన్నది దానితోనే తేలుతుంది. ఒక ఊళ్లో మొదటి బ్లాక్ అన్నది మరో ఊళ్లో మూడవదై ఉండవచ్చు కాబట్టి, కలిపే ముందు బ్లాక్‌లను సరిగా జత చేయడమే అందులో అసలు చిక్కు. ఆమె దానికి, బ్లాక్‌ల మధ్య లంకెల సంభావ్యతలను ఒక ప్రమేయంగా చూపే గ్రాఫాన్‌ల సాయం తీసుకున్నారు.

మీ సమస్యకు మరింత దగ్గరైనది షాబేర్-లిడెల్, బార్బియోన్, డొనే అనే ఫ్రెంచి పరిశోధకులు ఆహార జాలాల కోసం రూపొందించిన పద్ధతి. ఏ జీవి ఏ జీవిని తింటుందో చెప్పే ఆ జాలాల్లోనూ ఒక చెరువులోని జీవులకూ మరో చెరువులోని జీవులకూ జత కుదరదు, పైగా ఒక్కో బృందం ఒక్కో శ్రద్ధతో సేకరించడం వల్ల సాంద్రతలు, అంటే సాధ్యమైన జతలలో లంకె ఉన్నవాటి వంతులు, వేరుగా ఉంటాయి. అందుకని వారు ఉమ్మడి నమూనాకు కొన్ని రూపాంతరాలు ఇచ్చారు. ఒకదానిలో ప్రతి నెట్‌వర్క్‌కూ తనదైన సాంద్రతా గుణకం ఉంటుంది, బ్లాక్‌ల మధ్య నిష్పత్తులు మాత్రం గుంపంతటికీ ఉమ్మడి. మరొకదానిలో బ్లాక్‌ల పరిమాణాలు ఊరికో తీరుగా ఉండవచ్చు. పంతులు గారు చూపించిన 0.1, 0.033 తేడాను ఆ గుణకం మింగేస్తుంది. ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో వారి ప్యాకేజీ దొరుకుతుంది.

పగడాల:

పద్ధతుల మాట సరే, సమాచారం సంగతి ఎవరూ అడగలేదు. ఆ సర్వేలో వివరమైన ప్రశ్నావళిని ప్రతి గ్రామంలోనూ సుమారు సగం కుటుంబాల వారికే ఇచ్చారు. ఒక లంకె మనకు కనిపించాలంటే రెండు వైపులలో కనీసం ఒకరైనా దాని గురించి చెప్పి ఉండాలి. సగం కుటుంబాలను యాదృచ్ఛికంగా వదిలేస్తే, నాలుగింట ఒక జత గురించి అడిగినవారే ఉండరు. ఆ గడిలోని సున్నాకు సంబంధం లేదని అర్థం కాదు, తెలియదని అర్థం. విశాఖతీరం గారి నమూనాలో ఆ గడులను లేనివిగా కాక ఖాళీలుగా ఇవ్వండి. దూరాల పద్ధతుల్లో ఇది అంత సులభం కాదు.

మెదడు నెట్‌వర్క్‌ల వారు నేర్చుకున్న పాఠం కూడా ఒకటి ఉంది. ఆటిజం మీద 17 కేంద్రాల నుంచి 1,112 మంది స్కాన్‌లను కలిపిన ఏబైడ్ అనే పెద్ద సంకలనం ఉంది. అలాంటి దాన్ని గుడ్డిగా గుంపులు చేస్తే రోగులూ ఆరోగ్యవంతులూ విడిపోవడం కన్నా ముందు ఈ యంత్రానివీ ఆ యంత్రానివీ విడిపోయే ప్రమాదం ఉంటుంది. మీకు యంత్రాలు లేవు, సర్వే చేసినవారు ఉన్నారు. మరో మాట: ఈ 75 గ్రామాల్లో 43 చోట్ల తర్వాత సూక్ష్మరుణ సంస్థ అడుగుపెట్టింది. గుంపులు తేలిన తర్వాత రుణాల వ్యాప్తితో పోల్చాలనుకుంటే, గుంపులు చేసే దశలో ఆ సమాచారాన్ని చూడనే చూడకండి.

కొత్తవిద్యార్థి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ మధ్యలో ఒక పరీక్ష చేశాను. 75 గ్రామాల అసలు పరిమాణాలను అలాగే ఉంచి, అన్నిటికీ ఒకే బ్లాక్ నమూనా, ఒకే సగటు డిగ్రీ ఇచ్చి కృత్రిమ నెట్‌వర్క్‌లు పుట్టించాను. వీటిలో గుంపులంటూ ఏమీ లేవని నాకు ముందే తెలుసు. సున్నాలు చేర్చిన నా మొదటి పద్ధతి వీటిని కూడా మూడు ముచ్చటైన గుంపులుగా విడదీసింది! డెండ్రోగ్రామ్‌ను ఎక్కడ కోస్తే అక్కడ ముక్కలు వస్తాయన్న సంగతి నాకు అప్పుడు గానీ తలకెక్కలేదు. సవరించిన లాప్లాసియన్, వాసర్‌స్టీన్ దూరంతో మళ్లీ చేస్తే ఆ పరిమాణపు విభజన పలచబడింది, కొత్త కృత్రిమ నెట్‌వర్క్‌లు పుట్టించిన ప్రతిసారీ గుంపుల సభ్యులు మారిపోయారు. అసలు గుంపులే లేవన్న జవాబును ఏ పద్ధతి ఇవ్వగలదు?

విశాఖతీరం:

ఆ పరీక్ష మీ వ్యాసంలో తప్పక ఉండాలి. కె-మీన్స్‌ను మూడు గుంపులు అడిగితే అది మూడే ఇస్తుంది, దానికి కాదనే అధికారం లేదు. గుంపులు ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పే సిల్హౌట్ కొలత కూడా రెండు గుంపుల నుంచే మొదలవుతుంది, ఒకే గుంపు అన్న సందర్భానికి దానికి నిర్వచనమే లేదు. నమూనా ఆధారిత పద్ధతిలో అన్ని గ్రామాలూ ఒకే గుంపు అన్నది కూడా మిగతావాటితో సమానంగా పోటీలో నిలబడుతుంది. అదనపు గుంపు తెచ్చే పరామితులకు నమూనా ఎంత బాగా సరిపోయిందో దాని సంక్లిష్టతతో తూచే బీఐసీ, ఐసీఎల్ వంటి ప్రమాణాలు జరిమానా వేస్తాయి కాబట్టి, లాభం లేకుంటే ఒకే గుంపు గెలుస్తుంది.

దానికి తోడు మరో పోలిక చేయండి. ప్రతి గ్రామంలోనూ ఏ కుటుంబానికి ఎన్ని సంబంధాలున్నాయో అలాగే ఉంచి, ఎవరితో అన్నది మాత్రం యాదృచ్ఛికంగా కలిపేయండి. ఇలా కలిపిన నెట్‌వర్క్‌లలో కూడా అవే గుంపులు వస్తే, మీరు చూస్తున్నది డిగ్రీల తేడానే, అల్లిక తేడా కాదు. రెండు విభజనల ఏకీభావాన్ని సవరించిన రాండ్ సూచికతో కొలవవచ్చు. అది 1కి దగ్గరగా ఉంటే రెండూ ఒకటే, 0కి దగ్గరగా ఉంటే కాకతాళీయం.

కొత్తవిద్యార్థి:

అయితే సాంద్రతా గుణకం ఉన్న బ్లాక్ నమూనాతోనే వెళతాను, అడగని జతలను ఖాళీలుగా ఇస్తాను, వాసర్‌స్టీన్ పద్ధతిని పోలిక కోసం ఉంచుతాను. 12 సంబంధాలనూ కలిపేసి ఒకే లంకెగా చూడడం నాకు నచ్చడం లేదు. గుడికి కలిసి వెళ్లేవారి వలయం వేరు, నెలాఖరులో బియ్యం అడిగే ఇల్లు వేరు. డబ్బు చేబదులు, కిరోసిన్-బియ్యం బదులు అన్న రెండింటినే తీసుకొని 150 నెట్‌వర్క్‌ల సముదాయంగా గుంపులు చేద్దామనుకుంటున్నాను. ఒకే ఊరి రెండు నెట్‌వర్క్‌లు ఒకే గుంపులో పడితే ఊరిదే ప్రభావమనీ, డబ్బువన్నీ ఒక గుంపు, బియ్యంవన్నీ ఒక గుంపు అయితే సంబంధానిదే ప్రభావమనీ అనవచ్చు కదా?

లెక్కలపంతులు:

ఆలోచన బాగుంది, కానీ చేతిలో ఉన్న ఒక సమాచారాన్ని పారేస్తున్నారు. వేర్వేరు ఊళ్ల కుటుంబాలకు జత లేదు గానీ, ఒకే ఊరి డబ్బు నెట్‌వర్క్‌లోనూ బియ్యం నెట్‌వర్క్‌లోనూ ఉన్నవి అవే కుటుంబాలు. 150గా విడదీస్తే, డబ్బు అడిగే ఇంటినే బియ్యమూ అడుగుతున్నారా అన్న ప్రశ్న లెక్కలోంచి జారిపోతుంది. రెండు ఊళ్లలో విడివిడి నెట్‌వర్క్‌లు అచ్చం ఒకేలా ఉండి, ఒక ఊళ్లో రెండు సంబంధాలూ ఒకే ఇళ్ల మధ్య, మరో ఊళ్లో పూర్తిగా వేర్వేరు ఇళ్ల మధ్య నడవవచ్చు. చేబదుళ్ల మీద పరిశోధన చేసేవారికి ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఏముంటుంది?

కాబట్టి 75గానే ఉంచి, ప్రతి కుటుంబాల జతకూ నాలుగు స్థితులు ఇవ్వండి: రెండూ లేవు, డబ్బు ఒక్కటే, బియ్యం ఒక్కటే, రెండూ ఉన్నాయి. బ్లాక్ నమూనాలో ప్రతి జత బ్లాక్‌లకూ ఒకే సంభావ్యత బదులు కలిపితే 1 అయ్యే నాలుగు సంభావ్యతలు ఉంటాయి. పరామితులు మూడు రెట్లవుతాయి, సాంద్రతా గుణకాన్ని ఈ నాలుగు స్థితుల మధ్య ఎలా పంచాలన్నది మీరే కూర్చొని రాసుకోవలసి రావచ్చు. ముందు రెండు బ్లాక్‌లతో, నాలుగైదు గ్రామాల మీద చేసి చూడండి. అక్కడ చిక్కుకుంటే సమీకరణాలు ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.